మన విశాఖలో తెలుగైన గ్రంథం - బైబిలును సాహిత్యంగా చదివితే

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు ఫోను చేశారు. నేను ఉక్కు కర్మాగారం స్టోర్సులో పనిచేసి, రిటైరై, సబ్బవరంలో స్థిరపడ్డవాణ్ణి గనుక కర్మాగారం కబుర్లే రాస్తానని వారు అనుకుని ఉండవచ్చు. 1933లో రేవు తెరిచిన వైనమూ, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన వైనమూ మనలో తెలియనివారు ఎవరు? అందుచేత రేవుకన్నా నూరేళ్ళకు పైగా ముందు, అదే పాత ఊళ్ళో మొదలైన ఒక పని గురించి రాస్తున్నాను. ఆ పని బైబిలును తెలుగు చేయడం. ఇందులో మతప్రచారం లేదు, మతఖండన అంతకన్నా లేదు. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండల మీద ఒకదానిపై మేరీమాత గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వెంకటేశ్వరస్వామి కొలువుతీరి ఉండగా చూస్తూ ఉద్యోగాలు చేసినవాళ్ళం. మనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు గాని, చెప్పడమే మంచిది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు విశాఖపట్నంలో దిగారు. అప్పటికి వారికి తెలుగు ఒక్క ముక్క రాదు. మునిషీల దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దారు, బడి పెట్టారు, అనువాదం మొదలుపెట్టారు. కాని పని ఊపందుకున్నది 1808లో ఆనందరాయరు వచ్చాకనే. ఈయన తెలుగు బ్రాహ్మణుడు. తరంగంబాడిలో క్రైస్తవుల మధ్య మెలిగి, తమిళ బైబిలు చదివి, మతం పుచ్చుకుని ఇక్కడికి వచ్చాడు. తమిళ బైబిలు ఎరిగినవాడు, తెలుగు ఇంటిభాష అయినవాడు, సంస్కృత పదం ఎక్కడ పొసగుతుందో, ఎక్కడ పొసగదో తెలిసినవాడు. ఆ ఇద్దరు దొరలకూ అంతకన్నా ఏం కావాలి?

క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ 1810లో పోయాడు. వచ్చి అయిదేళ్ళు తిరగలేదు. మన తీరం గాలి ఆ రోజుల్లో తెల్లవాళ్ళను అట్లా తీసుకుపోయేది. వారు తయారుచేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ ఏడాదే మార్చి 11న శ్రీరాంపూర్ అచ్చుకూటం తగలబడి, ఎన్నో భాషల టైపులూ, కాగితం దస్తాలూ, రాతప్రతులూ బూడిదయ్యాయి. తరవాత విశాఖకు వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం తెలుగు చేసి 1818 ప్రాంతంలో మద్రాసులో అచ్చు వేయించాడు. శ్రీరాంపూర్ నుంచి విలియం కేరీ తెలుగు కొత్త నిబంధన కూడా ఆ రోజుల్లోనే వెలువడింది. అంటే ఒకే పుస్తకానికి రెండు తెలుగులు పోటీపడ్డాయన్నమాట. ఆపైన జాన్ గోర్డన్, జాన్ హే, వార్డ్‌లా వంటివారు విశాఖలోనే కూర్చుని దశాబ్దాల తరబడి దిద్దుతూ వచ్చారు. మన సి.పి. బ్రౌనుగారు కూడా ఈ పనిలో చెయ్యి పెట్టినవారే. పాత కొత్త నిబంధనలు రెండూ కలిసి పూర్తి తెలుగు బైబిలుగా అచ్చయ్యేసరికి 1850లు వచ్చాయి.

వీళ్ళందరికన్నా ముందు బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ ఆయన మద్రాసు కేంద్రంగా 1732 నాటికే బైబిలు తెలుగు చేశాడు. అది అచ్చుకు నోచుకోలేదు. అయితే ఆయన స్వదేశం వెళ్ళి 1746, 1747లలో హాలే పట్టణంలో అచ్చు వేయించిన చిన్న పుస్తకాలే మన భాషలో తొలి అచ్చు పుస్తకాలు. తెలుగు అక్షరం మొదట అచ్చెక్కింది జర్మనీలో అంటే మన మనవలు నమ్మరు.

ఆనందరాయరు విషయానికి వస్తాను. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853 నాటిది. తెలుగు అచ్చు వచనం అనగానే మనం అక్కడినుంచి లెక్క మొదలుపెడతాం. దానికి నలభై ఒక్క ఏళ్ళ ముందే మూడు సువార్తలు తెలుగు వచనంలో అచ్చయి, గ్రామాల్లో చేతులు మారాయి. ఆ వచనం బాగుందా అంటే, బాగా లేదనే పండితులు అన్నారు. అందుకే గదా అన్నిసార్లు దిద్దవలసి వచ్చింది! అయినా మొదట గంటం పట్టిన వాడి పేరు ఎవరికీ తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డెగ్రాంజెస్ పేరు చర్చి చరిత్రల్లో ఉంది. బ్రాహ్మలు ఆనందరాయర్ని తమవాడు కాదన్నారు. క్రైస్తవులు ఆయన్ని దొరగారి సహాయకుడన్నారు. సాహిత్యచరిత్రకారులు ఇది మతగ్రంథం, మనది కాదని పక్కన పెట్టారు.

మా సబ్బవరంలో మేము కొద్దిమంది రిటైరైనవాళ్ళం ఆదివారాలు సాయంత్రం కూర్చుని పుస్తకాలు చదువుతాం. ఒక తెలుగు మాస్టారు, రేవులో క్రేను నడిపిన ఒక క్రైస్తవ మిత్రుడు, ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన ఒక అమ్మగారు, నేను, ఇంకా వస్తూ పోతూ ఉండే ఇద్దరు ముగ్గురు. భారతం, కళాపూర్ణోదయం అయ్యాయి. తరవాత బైబిలు చదువుదామని ప్రతిపాదించింది నేనే. క్రేను మిత్రుడు సంతోషిస్తాడనుకుంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "సాహిత్యంగా చదవడం అంటే ఏటి మాస్టారూ? కట్టుకథ అనా?" అన్నాడు. వాళ్ళ పాస్టరుగారికీ ఇది నచ్చలేదట. ఇటు మా వీధిలో ఒక పెద్దాయన, "మన ఇళ్ళల్లో ఆ పుస్తకం దేనికి?" అని అడిగారు. రెండు వైపుల అభ్యంతరమూ ఒక్క వారంలోనే వచ్చింది. తెలుగు మాస్టారే జవాబు చెప్పారు. "రామాయణాన్ని ఆదికావ్యం అంటున్నాం. కావ్యం అన్నందువల్ల రాముడికి దండం పెట్టడం మానేశామా?" అన్నారు. క్రేను మిత్రుడు రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం వాళ్ళ నాన్నగారు చదివిన పాత బైబిలు పట్టుకుని వచ్చాడు. అట్ట ఊడిపోయి, ట్వైను దారంతో కుట్టి ఉంది. అందులోంచే ఇప్పటికీ చదువుతున్నాం.

మొదట మమ్మల్ని ఆపినవి పుస్తకాల పేర్లే. మొదటి అయిదింటినీ ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము అన్నారు. కాండము అన్న మాట ఎక్కడిది? బాలకాండ, అయోధ్యకాండ చదివిన చెవిది. దావీదు పాటలకు కీర్తనలు అని పేరు. త్యాగయ్యగారు పోయింది 1847లో, అంటే ఈ అనువాదాలు సాగుతున్న రోజుల్లోనే. సొలొమోను నీతులకు సామెతలు అని అచ్చంగా అమ్మమ్మ మాట పెట్టారు. ప్రేమపాటకు పరమగీతము అన్నారు. ఎవరో ఒక పండితుడు పక్కన కూర్చుని, "అయ్యా, మా వాళ్ళకు ఇట్లా చెబితే తెలుస్తుంది" అని అన్నట్టే ఉంటుంది నాకు. అంజూరం, ఒలీవ వంటి మన పొలాల్లో లేని చెట్లకు మాత్రం ఏమీ చేయలేక అట్లాగే ఉంచేశారు. భాష పూర్తిగా గ్రాంథికం. గిడుగు వారి పోరాటం ఎన్ని గడపలు దాటినా, చర్చి గడప దాటడానికి చాలాకాలం పట్టింది. వాడుకభాషలో అనువాదాలు తరవాత వచ్చినా, మా మిత్రుడికి మాత్రం "యుండెను" అంటేనే దేవుడు మాట్లాడినట్టుంటుందట.

ఇక కవిత్వం సంగతి. చంపకమాలను ఇంగ్లీషు చేస్తే యతి పోతుంది, ప్రాస పోతుంది, మిగిలేది సారాంశం. మరి హీబ్రూ కీర్తనలు తెలుగు వచనంలోకి వచ్చినా పాటలాగే ఎందుకున్నాయి? దీనికి సమాధానం 1753లో ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వ ఆచార్యుడుగా పనిచేసిన రాబర్ట్ లౌత్ తన ఉపన్యాసాల పుస్తకంలో ఇచ్చాడు. హీబ్రూ పద్యంలో ముఖ్యమైనది శబ్దం కాదు, భావం. ఒక పాదంలో ఒక మాట చెప్పి, రెండో పాదంలో అదే మాటను ఇంకో రకంగా చెబుతారు, లేదా దానికి ఎదురు మాట చెబుతారు, లేదా ఒక మెట్టు పైకి తీసుకుపోతారు. మన జానపద పాటల్లో కూడా ఈ పద్ధతి ఉంది. భావానికి భావం ప్రాస కాబట్టి ఏ భాషలోకి పోయినా చెడదు. అయితే అంతా దక్కదు. 119వ కీర్తనలో 176 వచనాలు ఉన్నాయి. హీబ్రూలో 22 అక్షరాలు. ఒక్కో అక్షరంతో మొదలయ్యే వచనాలు ఎనిమిదేసి చొప్పున కూర్చాడు ఆ కవి. ఇది మన చిత్రకవిత్వం వంటిది. తెలుగులో ఆ అక్షరాల ఆట మొత్తం పోయి, కీర్తన మరీ పొడుగుగా ఉందేమిటా అనిపిస్తుంది. 136వ కీర్తన మాత్రం చదవగానే తెలుగు మాస్టారు, "ఇది శతకమయ్యా" అన్నారు. 26 వచనాలు, ప్రతి వచనం చివరా ఒకే మకుటం.

అదే 1753లో ఫ్రాన్సులో జాన్ అస్త్రుక్ అనే వైద్యుడు, పేరు వేసుకోకుండా ఒక పుస్తకం అచ్చు వేయించాడు. (వైద్యుడికి ఈ పని ఎందుకని అడగకండి, మన ఊళ్ళలో ఆయుర్వేద వైద్యులు పద్యాలు రాయలేదా?) ఆదికాండంలో దేవుణ్ణి ఒకచోట ఒక పేరుతోనూ ఇంకోచోట ఇంకో పేరుతోనూ పిలవడం గమనించి, దీని వెనక వేర్వేరు పాత ప్రతులు ఉండి ఉంటాయన్నాడు. సృష్టి కథ మొదటి అధ్యాయంలో ఒక వరసలోనూ, రెండో అధ్యాయంలో ఇంకో వరసలోనూ ఉన్న మాట మేము కూడా చూశాం. భారతానికి ప్రతులు పోల్చి పరిష్కరించిన దేశం మనది, కంగారుపడలేదు.

మేము ఎక్కువ రోజులు ఆగిపోయింది అబ్రాహాము కథ దగ్గర. దేవుడు కొడుకుని బలి ఇమ్మన్నాడు. తండ్రి తెల్లవారుజామున లేచాడు, గాడిదకు గంత కట్టాడు, కట్టెలు చీల్చాడు, కొడుకుని వెంటబెట్టుకుని మూడు రోజులు నడిచాడు. ఆ మూడు రోజులూ ఏమనుకున్నాడో ఒక్క మాట లేదు. కొడుకు ఒక ప్రశ్న అడుగుతాడు, తండ్రి ఒక జవాబు చెబుతాడు, ఇద్దరూ కలిసి నడుస్తారు. కథ మొత్తం పంతొమ్మిది వచనాలు. ఎరిక్ అవుర్‌బాఖ్ అనే యూదు ఆచార్యుడు, హిట్లరు కాలంలో జర్మనీలో ఉద్యోగం పోగొట్టుకుని ఇస్తాంబులు చేరి, 1942-45 మధ్య ఒక గొప్ప పుస్తకం రాశాడు. అది 1946లో అచ్చయింది. మొదటి అధ్యాయంలో ఈ కథనే హోమరు కావ్యంతో పోల్చాడు. హోమరు అంతా వెలుగులో పెట్టి చూపిస్తాడనీ, ఆదికాండం చెప్పకుండా వదిలినదే కథకు బరువనీ ఆయన మాట.

మనకు హోమరు దాకా వెళ్ళనక్కరలేదు. శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండనంబి కథ ఉంది గదా! జంగమయ్య వేషంలో వచ్చిన శివుడు నరమాంసం కావాలంటే, తల్లిదండ్రులు సొంత కొడుకు సిరియాళుణ్ణి వండి పెట్టిన కథ. అక్కడ తల్లి మాట్లాడుతుంది, తండ్రి మాట్లాడతాడు, పిల్లవాడూ మాట్లాడతాడు. శ్రీనాథుడు మన గుండె పిండేదాకా వదలడు. ఇక్కడ ఆదికాండంలో తల్లి శారా ఊసే లేదు. మా హెడ్ నర్సు అమ్మగారు అడిగిన ప్రశ్న అదే. "ఆవిడకి చెప్పే వెళ్ళాడా, చెప్పకుండా వెళ్ళాడా?" పుస్తకంలో జవాబు లేదు. ఆ తరవాతి అధ్యాయం శారా మరణంతో మొదలవుతుంది. ఆ సంగతి చూపించాక ఆ సాయంత్రం ఇంక ఎవరూ మాట్లాడలేదు. యూదుల పాత వ్యాఖ్యాతలు కూడా ఈ రెంటినీ ముడిపెట్టి, కొడుకు వార్త విని ఆమె ప్రాణం పోయిందని కథ చెప్పుకున్నారు. వాళ్ళకూ మా అమ్మగారి ప్రశ్నే వచ్చిందన్నమాట.

నాతాను ప్రవక్త దావీదు రాజుకి పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, రాజు చేతనే రాజుకి తీర్పు చెప్పించిన ఘట్టం పంచతంత్రం చదివినవారికి కొత్త కాదు. ఎస్తేరు గ్రంథం హీబ్రూ మూలంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదంటే మా మిత్రుడు నమ్మక, మొత్తం పది అధ్యాయాలూ తెలుగులో ఆ రాత్రే వెతికాడు.

యూదుల బైబిలూ క్రైస్తవుల పాత నిబంధనా ఒకటేనా అని చాలామంది అడుగుతారు. ప్రొటెస్టంట్ల లెక్కలో 39 పుస్తకాలు, యూదుల లెక్కలో అవే 24. లోపలి సరుకు ఒకటే, వరస వేరు. స్టోర్సులో పనిచేసినవాణ్ణి, బీరువాలో వరస మారితే ఏమవుతుందో నాకు తెలుసు. క్రైస్తవుల వరసలో చివరిది మలాకీ. ఏలీయా ప్రవక్త రాబోతున్నాడన్న మాటతో అది ముగుస్తుంది, పేజీ తిప్పితే మత్తయి సువార్త. యూదుల వరసలో చివరివి దినవృత్తాంతములు. చెరలో ఉన్నవాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళి గుడి కట్టుకోవచ్చునని పారసీక రాజు కోరెషు ఇచ్చిన ఆజ్ఞతో ఆ పుస్తకం ఆగుతుంది. ఒక వరసలో రాబోయేవాడి కోసం ఎదురుచూపు, ఇంకో వరసలో సొంత ఊరికి ప్రయాణం. మన తెలుగునేల మీద కూడా గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు, తాము ఎఫ్రాయీము వంశీకులమని చెప్పుకుంటూ, 1980ల చివరి నుంచి యూదుల ఆచారాలు పాటిస్తున్నాయి. తెలుగులో ఆలోచిస్తూ హీబ్రూలో ప్రార్థన నేర్చుకునేవాళ్ళు వాళ్ళు.

తెలుగు కవులు ఈ పుస్తకాన్ని ఎంత సొంతం చేసుకున్నారో చెప్పకపోతే వ్యాసం కుంటిదవుతుంది. 1803లో పుట్టి 1890లో పోయిన పురుషోత్తమ చౌదరిగారు మన ఉత్తరాది సరిహద్దు ప్రాంతంవారు. కర్ణాటక రాగాల్లో ఆయన కట్టిన క్రైస్తవ కీర్తనలు నేటికీ చర్చిల్లో పాడుతున్నారు. గుర్రం జాషువాగారు 1958లో క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా వెలువరించారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గబ్బిలం రాసిన చెయ్యి గనుక, అవమానం పాలైన మనిషి కథ ఆయన పద్యంలో వేరొకరి కథలా ఉండదు.

మా వయసువాళ్ళకు మాత్రం ప్రసంగి గ్రంథమే ఎక్కువ దగ్గర. కష్టపడి సంపాదించినది వెనక వచ్చేవాడికి వదిలి పోవాలి, వాడు తెలివైనవాడో తెలివితక్కువవాడో ఎవరికి ఎరుక అని విసుక్కుంటాడు ఆ ముసలాయన. గ్రాట్యుటీ డబ్బు చేతికి వచ్చిన నెలలో మనమంతా అనుకున్న మాటే గదా! చివరి అధ్యాయంలో ముసలితనాన్ని ఒక పాతబడిన ఇల్లుగా వర్ణిస్తాడు. విసిరేవాళ్ళు తగ్గిపోయారంటే పళ్ళు. కిటికీల్లోంచి చూసేవాళ్ళకు మసక కమ్మిందంటే కళ్ళు. కాపలావాళ్ళు వణకడమంటే చేతులు. బాదంచెట్టు పూయడమంటే తల నెరవడం. పిట్ట కూతకే మెలకువ వస్తుంది, ఎత్తు చూస్తే భయం వేస్తుంది. తెలుగు మాస్టారు దీనికి అలంకారం పేరు చెప్పబోతూ, మోకాలు పట్టుకుని కూర్చుండిపోయారు. అందరం నవ్వాం.

ప్రస్తుతం యోబు గ్రంథం నడుస్తోంది. మంచివాడికి కష్టాలెందుకు అన్నది దాని ప్రశ్న, హరిశ్చంద్రుడి కథ ప్రశ్నే. మొదలూ చివరా వచనకథ, మధ్యలో అంతా పద్యసంవాదం, మన యక్షగానం కట్టుబడి. ముగ్గురు స్నేహితులు ఓదార్చడానికి వచ్చి, నువ్వేదో తప్పు చేసే ఉంటావని వాదించడంలో ఎంత నిజం ఉందో, మంచాన పడి పరామర్శలు విన్నవారికి తెలుస్తుంది. దేవుడు చివరికి మాట్లాడతాడు గాని, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడు. దీని మీద మా క్రేను మిత్రుడికీ నాకూ ఇంకా పేచీ తెగలేదు. జవాబు రాలేదని నేను, వచ్చి మాట్లాడడమే జవాబని అతను.

ఒక్క చిన్న సంగతి మీద మాత్రం అందరం ఏకమయ్యాం. ఆఖరి అధ్యాయంలో యోబుకు మళ్ళీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు పుడతారు. కొడుకుల పేర్లు ఒక్కటీ చెప్పలేదు. కూతుళ్ళ పేర్లు మూడూ చెప్పాడు - యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. వాళ్ళ అన్నదమ్ములతో పాటు వాళ్ళకూ ఆస్తిలో వాటా ఇచ్చాడని రాశాడు. మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచి గదా వచ్చింది. అది చదివిన మర్నాడు మా హెడ్ నర్సు అమ్మగారు బ్యాంకుకు వెళ్ళి, ఫిక్సెడ్ డిపాజిట్ల నామినేషను ఫారాలు కొత్తవి తీసుకుని వచ్చారు.